రెండో డబ్బా

అర్దియా, కువైట్
1990 ఆగస్టు 19, ఆదివారం

ఆరోన్ అన్నయ్యకు, చెల్లెలు కేథరిన్ ప్రభువు నామంలో వందనాలు.

ఆగస్టు రెండు, గురువారం తెల్లవారుజామున ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. నేను క్షేమంగా ఉన్నాను. ఈ రెండు మాటలు ముందు వదినకు చదివి వినిపించి, మిగతాది నెమ్మదిగా చదువుకో.

ఆ రోజు ఐదుంబావుకు మా యజమాని ఖాలిద్ గారి తల్లి పెద్దమామాకు గుండె మాత్ర ఇవ్వడానికి లేచాను. దూరంగా చప్పుళ్ళు వినిపిస్తే మేడ మీద ఏసీ చెడిపోయిందనుకున్నాను. ఏడు గంటలకు మా డ్రైవర్ హుస్సేన్ పీరా రొట్టెల కోసం వెళ్ళి ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. "సిస్టరమ్మా, రోడ్డు మింద ట్యాంకులుండాయి. సిగ్నల్ కాడ ఎర్ర లైటు పడితే ఒగ ట్యాంకు నిలబడె. మా రాయచోటి బస్సోళ్ళ కంటే శానా నయం" అన్నాడు. నవ్వుతున్నాడనుకున్నాను. వెనక్కి వెళ్ళి గేటుకు రెండో గొళ్ళెం కూడా పెట్టాడు.

ఇంట్లో ఇప్పుడు పెద్దమామా, పీరా, నేను, ముగ్గురమే. ఖాలిద్ గారు, భార్యాపిల్లలు జులైలోనే లండన్ వెళ్ళారు. విమానం ఎక్కితే గుండెకు మంచిది కాదని డాక్టరు చెప్పడంతో నర్సును నేనున్నానని తల్లిని నా మీద వదిలి వెళ్ళారు. డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి. టీవీ ఆగిపోయింది, విదేశాలకు ఫోను ఆగిపోయింది. "నా కొడుకు ఎప్పుడొస్తాడు కత్రీన్?" అని రోజుకు పదిసార్లు అడుగుతుంది. "వచ్చే వారం మామా" అంటున్నాను. వారాలు మారుతున్నాయి, జవాబు మారడం లేదు.

పదిహేనో తేదీన ఇద్దరు సైనికులు ఇల్లు సోదా చేయడానికి వచ్చారు. ఒకడికి మీసాలు కూడా సరిగా రాలేదు. పెద్దమామా కుర్చీలోంచి లేవలేదు. "బూట్లు తివాచీ మీద పెట్టకు. నీ తల్లికి నా వయసుంటే ఆమె ఇంట్లో ఇలాగే తిరుగుతావా? కూర్చో. కత్రీన్, గహ్వా తీసుకురా" అంది. గుమ్మంలోకి వచ్చినవాడికి కాఫీ ఇవ్వకుండా పంపడం ఈ ఇంట్లో లేదు, వచ్చినవాడు ఎవడైనా సరే. వాడు కూర్చున్నాడు. నువ్వు పంపిన చికోరీనే కాఫీలా ఏలకులు వేసి కాచి ఇచ్చాను. తాగి, "మంచి గహ్వా, ఇంకొకటి" అన్నాడు. వంటింట్లోకి వెళ్ళి నోరు మూసుకుని నవ్వుకున్నాను. ఆ వయసు కుర్రాణ్ణి చికోరీతో మోసం చేయడం ఎంత పని!

పెద్దమామా మాత్రం ఇప్పటికీ అది కాఫీయేనని నమ్ముతోంది. డాక్టరు మాన్పించమన్నాడని, కొడుకు వద్దన్నాడని, నేనొక్కదాన్నే జాలిపడి దొంగతనంగా ఇస్తున్నానని అనుకుంటుంది. కప్పు అందుకునేటప్పుడల్లా నా వైపు కన్ను గీటుతుంది. ఖాలిద్ గారికి నిజం తెలుసు. ఆయన అనుమతితోనే కదా నీ దగ్గర వట్టి చికోరీ తెప్పించుకుంటున్నాను.

మే నెలలో నువ్వు పంపిన మూడు డబ్బాలలో రెండున్నర మిగిలాయి. ఇంట్లో టీ, పాలపొడి అయిపోయాయి. పెద్దమామా అన్నం ముట్టదు గానీ ఆ కప్పు ఇస్తే కాసేపు నెమ్మదిస్తుంది. చికోరీ ఒక మొక్క వేరు పొడే కదా, చెరుపు చేసేది కాదని రోజుకు ఒకటి బదులు మూడు కప్పులు ఇస్తున్నాను.

ఈ ఉత్తరం ఇక్కడి దజీజ్ ప్రాంతంలోని గోడౌన్‌లో పనిచేసే సిద్ధయ్య చేతికిస్తున్నాను. అతని గోడౌన్‌లో సరుకంతా సైన్యం లారీలకెత్తుకుపోయింది. రేపు బస్సులో బాగ్దాద్ మీదుగా అమ్మాన్ వెళ్తున్నాడు. అక్కడి నుంచి మన విమానాలున్నాయట. బొంబాయిలో పోస్టు చేస్తానన్నాడు.

చెల్లెలు
కేథరిన్


పిఠాపురం
1990 సెప్టెంబరు 12

చెల్లి కేథరిన్‌కు అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం సోమవారం అందింది. నువ్వు చెప్పినట్టే మొదటి రెండు మాటలు మీ వదినకు చదివాను. మిగతాది నాలుగుసార్లు చదువుకున్నాను.

రేడియోలో రోజూ అమ్మాన్ విమానాల సంగతి చెబుతున్నారు. మన పక్క ఊరివాళ్ళు ముగ్గురు వచ్చేశారు. నువ్వు ఎందుకు రావడం లేదో నాకు తెలుసు కాబట్టి అడగను. కానీ అవకాశం వస్తే రా.

మా కాఫీ పొడి కొట్టు మామూలుగానే నడుస్తోంది. నిన్న ఒకావిడ గ్లాసుతో నీళ్ళు పట్టుకుని వచ్చి, మన పొడిని కొట్టులోనే నీళ్ళ మీద చల్లింది. తేలితే కాఫీ, మునిగి ఎర్రరంగు దిగితే చికోరీ. ఎర్రగా దిగింది. మా యజమాని కుక్కుటేశ్వరరావు గారు తొణక్కుండా, "అమ్మా, నీళ్ళు మీ ఇంటివి. దోషం నీళ్ళదేమో చూసుకోండి" అన్నారు. ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగి, "ఏరా ఆరోనూ, ఇక్కడ చికోరీ ఉందని తిడతన్నారు, మీ చెల్లెమ్మ కువైట్‌లో చికోరీయే కావాలంటది. ఈ లోకానికి ఏం కావాలో దేవుడికైనా తెలుసంటావా?" అన్నారు. నీ యోగక్షేమాలు రోజూ అడుగుతున్నారు.

ఇక ముఖ్యమైన మాట. ఆవిడకు ఇంతకు ముందులాగే రోజుకు ఒక్క కప్పే ఇవ్వు. మూడు వద్దు. చికోరీ ఎక్కువైతే వాయువు చేస్తుంది. పెద్ద వయసు మనిషి. ఈ మాట తేలిగ్గా తీసుకోకు. ఒక్క కప్పే.

కువైట్‌లో మనవాళ్ళకు బియ్యం, పప్పులు తీసుకుని కొచ్చిన్ నుంచి ఒక ఓడ బయలుదేరుతోందని మా కాఫీ గింజల బ్రోకరు చెప్పాడు. ఓడలో అతనికి తెలిసిన మనిషి ఉన్నాడు. ఈ ఉత్తరం అతని చేతికి అందేలా కొచ్చిన్ పంపుతున్నాను.

మళ్ళీ రాస్తున్నాను, ఒక్క కప్పే.

అన్నయ్య
ఆరోన్


అర్దియా
1990 అక్టోబరు 8, సోమవారం

అన్నయ్యకు వందనాలు.

ఓడ వచ్చింది. బియ్యం పంచినచోట నీ ఉత్తరం కూడా దొరికింది. ఐదు కిలోల బియ్యం కంటే ముందు దాన్నే తెరిచాను.

వాయువు చేస్తుందని నాకు చెబుతున్నావా? పదహారేళ్ళుగా నర్సు పని చేస్తున్నదాన్ని. వాయువు చేస్తే ఇంత సోంపు వేస్తాను, పోతుంది. హుస్సేన్ పీరాకు నీ ఉత్తరం చదివి వినిపిస్తే, "మీ అన్నకు కాఫీ తెలుసు గానీ మందు తెలీదు సిస్టరమ్మా. మా హకీం సాబు దీన్నే ఉర్దూలో కాసిని వేరంటాడు, కాలేయానికి కషాయం కాంచి ఇస్తాడు. ఎంత తాగితే అంత మంచిది" అన్నాడు. ఇప్పుడు రోజుకు ఐదు కప్పులు ఇస్తున్నాను. కోపగించుకోకు. ఆమె ఇష్టపడి పుచ్చుకునేది ఇంట్లో అదొక్కటే.

కానీ ఆమె పరిస్థితి బాగాలేదు. గుండె మాత్రలు అక్టోబరు ఆరుతో అయిపోయాయి. ఆసుపత్రి మందుల గది ఖాళీ. ఫర్వానియాలో మనవాళ్ళు నడుపుతున్న చిన్న క్లినిక్‌లో అబ్దుల్ ఖుద్దూస్ అనే మన డాక్టరు ఉన్నారు. ఆయన దగ్గర కూడా లేవు. "నాడి చూసి రాస్తూ ఉండండి సిస్టర్, ప్రస్తుతానికి మనం చేయగలిగింది అదే" అన్నారు. రాస్తున్నాను. నిన్నటి లెక్క ఇది. ఉదయం లేవగానే 88. కప్పు తాగిన అరగంటకు 104. మధ్యాహ్నం రెండు కప్పుల తరువాత 116, తప్పుతూ కొట్టుకుంది. సాయంత్రం 120. రాత్రి నిద్ర లేదు. పక్కన "భయం వల్ల" అని రాసుకున్నాను. వీధిలో కాల్పులు వినిపిస్తూ ఉంటే ఎవరికి మాత్రం దడ ఉండదు?

గురువారం, పదకొండున, ఇంకో బస్సు వెళ్తోంది. నా పేరు జాబితాలో ఉంది. పాస్‌పోర్టు ఖాలిద్ గారి లాకర్‌లో ఉన్నా, బస్సు ఏర్పాటు చేసినవాళ్ళు తాత్కాలిక కాగితం రాసిస్తామన్నారు. హుస్సేన్ పీరా ఉదయం నుంచి నా వెంట పడ్డాడు. "యల్లా సిస్టరమ్మా, నువ్వు పో. ముసిలామెను నేను జూసుకుంటా."

"నాడి చూడటం వచ్చా నీకు?"

"కారు ఇంజిను సప్పుడు బట్టి జబ్బు జెప్తా. మనిషి ఇంజిను ఎంత?"

"స్నానం చేయిస్తావా?"

టోపీ తీసి తల గోక్కున్నాడు. "అయితే ఖలాస్, ముగ్గురం ఈడనే సస్తాం" అని కారు తుడవడానికి వెళ్ళాడు. పెట్రోలు లేని కారును రోజూ తుడుస్తాడు.

నా సీటు రెడ్డెమ్మ అనే రాజంపేట మనిషికి ఇచ్చాను. ఆమెకు ఇంటి దగ్గర చంటిపిల్ల ఉంది. ఈ ఉత్తరం ఆమే తెస్తోంది. ఆమెకు ఒక పూట భోజనం పెట్టి పంపు.

చెల్లెలు
కేథరిన్


పిఠాపురం
1990 నవంబరు 2, శుక్రవారం

కేథరిన్,

ఈ ఉత్తరం అందిన క్షణంలో ఆ డబ్బాలు పారబొయ్యి. అది చికోరీ కాదు. చికోరీలో కాఫీ కలిసి ఉంది. కలిపింది నేనే.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. 1989 ఏప్రిల్‌లో నువ్వు అడిగితే మొదటి డబ్బా పంపాను. అది వట్టి చికోరీయే. జూన్‌లో నువ్వు రాశావు, ఆవిడ మొదటి గుక్కకే ఉమ్మేసిందని, "ఇది మట్టి, ఈ నర్సును మార్పించమని నా కొడుక్కి చెబుతా" అందని. నీకు ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అదొక్కటే కాదు. మన కొట్టులో చికోరీ అంటే ఏమిటో నీకు తెలుసు. గోనెసంచులు వెనక గదిలో ఉంటాయి, బోర్డు మీద "స్వచ్ఛమైన కాఫీ" అని ఉంటుంది. వట్టి చికోరీ అమ్మేవాణ్ణి ఎవరూ గౌరవించరు. నా చెల్లెలు పనిచేసే ఇంటికి నా చేత్తో అలాంటి సరుకు పంపానే అని సిగ్గు వేసింది. రెండో డబ్బాలో సగం మేలురకం పీబెర్రీ కాఫీ కలిపాను. నువ్వు సంతోషంగా రాశావు, "ఈసారి అడుగు దాకా తాగింది, ఎలా వేయించావు?" అని. "కొంచెం ముదరగా వేయించాను" అని జవాబు రాశాను. ఆ మాట అబద్ధం.

మేము అందరికీ కాఫీలో చికోరీ దాచి కలుపుతాం. నేను నీకు చికోరీలో కాఫీ దాచి కలిపాను. రోజుకు ఒక్క కప్పు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. ఏడాదిపాటు ఏమీ కాలేదు. దాంతో తప్పు చేస్తున్నానన్న సంగతే మరిచిపోయాను.

మే నెలలో గుజరాత్ నుంచి చికోరీ లోడు ఆలస్యమైంది. అప్పుడు పంపిన మూడు డబ్బాలలో మూడింట రెండు వంతులు కాఫీయే. నువ్వు ఇప్పుడు ఇస్తున్నది అదే.

సెప్టెంబరులో నీకు నిజం రాయాల్సింది. కలం పట్టుకుని కూర్చుని "వాయువు" అని రాశాను. నీకు నవ్వొచ్చింది. నేను నిజం రాసి ఉంటే నవ్వేదానివి కాదు.

నీ నాడి లెక్కలు చదివాక గంటసేపు కొట్టు మెట్ల మీద కూర్చుండిపోయాను. భయం వల్ల కాదు కేథరిన్. ప్రతి కప్పు తరువాత పెరిగింది. రెడ్డెమ్మ నీ ఉత్తరాన్ని నిన్న స్వయంగా తెచ్చింది. అది చేరడానికి ఇరవై నాలుగు రోజులు పట్టింది. ఇరవై నాలుగు రోజులు, రోజుకు ఐదు కప్పులు.

టెలిగ్రాము ఇవ్వబోతే కువైట్‌కు లైను లేదన్నారు. ఈ ఉత్తరానికి మూడు నకళ్ళు రాశాను. ఒకటి బాగ్దాద్ పోస్టుకు, ఒకటి అమ్మాన్‌లో మన విమానాల దగ్గర పనిచేసే ఒక తెలుగాయనకు, ఒకటి మళ్ళీ కొచ్చిన్‌కు. ఏది ముందు అందితే అది.

ఆమెకు ఇక ఒక్క కప్పు కూడా ఇవ్వకు.

ఆరోన్


అర్దియా
1990 నవంబరు 13, మంగళవారం

అన్నయ్యకు వందనాలు.

పెద్దమామా ఈ నెల తొమ్మిదిన, శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు పదికి చనిపోయింది. మసీదులో జుమా నమాజుకు పిలుస్తున్నారు.

మాత్రలు ఆగిపోయి ముప్పై నాలుగు రోజులు. ఆ వారమంతా నాడి 130కి తగ్గలేదు. కాళ్ళకు నీరు పట్టింది. డాక్టరు ఖుద్దూస్ రెండుసార్లు నడిచి వచ్చి చూసి వెళ్ళారు.

శుక్రవారం ఉదయం కొంచెం తేలికగా కనిపించింది. తల దువ్వమంది. దువ్వాను. పదకొండు గంటలకు కప్పు అడిగింది. దిండుకు ఆనించి కూర్చోబెట్టి తాగించాను. మూడు గుక్కలు తాగి నా చెయ్యి పట్టుకుంది.

"డాక్టరు వద్దన్నాడు, నా కొడుకు వద్దన్నాడు. నువ్వు ఒక్కదానివే ఇచ్చావు. దొరికిపోతే నీ ఉద్యోగం పోయేది. భయం వేయలేదా?"

"వేయలేదు మామా."

"అబద్ధం. నీకు అబద్ధం చెప్పడం రాదు కత్రీన్."

ఒక్క క్షణం నిజం చెప్పేద్దామనుకున్నాను, అది కాఫీ కాదని. ఆ సంతోషం ఆమె దగ్గర నుంచి ఎందుకు తీసుకోవాలని ఊరుకున్నాను. కప్పు ఖాళీ చేసింది. నేను దాన్ని కడిగి వచ్చేసరికి ఊపిరి మారిపోయింది. గంట కూడా పట్టలేదు.

పొరుగింటి ఆడవాళ్ళు ముగ్గురు వచ్చి స్నానం చేయించారు. నేను క్రైస్తవురాలిని కాబట్టి నీళ్ళు అందించడం వరకే చేశాను. మగవాళ్ళు సులైబిఖాత్ శ్మశానానికి తీసుకెళ్ళారు. హుస్సేన్ పీరా ముందు నడిచి మోశాడు. కొడుకు పట్టాల్సిన చోట డ్రైవర్ పట్టాడు. తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని, "నన్ను ఇరవై సార్లు పనిలోంచి తీసేసింది సిస్టరమ్మా. మళ్ళీ ఆమే కొడుకుతో జెప్పి ఉంచింది" అని ఏడ్చాడు. నేను అప్పటి దాకా ఏడవలేదు.

ఇంటి తాళాలు నా దగ్గర ఉన్నాయి. ఖాలిద్ గారికి అప్పగించే దాకా ఇక్కడే ఉంటాను. తల్లి పోయిన సంగతి ఆయనకు ఎవరు చెబుతారో తెలియదు.

నీకు ఒక మాట రాయాలి. ఆ మూడు నెలలు ఆమెను నిలబెట్టింది నీ చికోరీయే. ప్రభువు నిన్ను దీవించాలి.

చెల్లెలు
కేథరిన్


పిఠాపురం
1990 డిసెంబరు 20

కేథరిన్‌కు,

నీ నవంబరు పదమూడు నాటి ఉత్తరం వారం కిందట అందింది. నా మూడు నకళ్ళలో ఏదీ నీకు సమయానికి చేరలేదని తెలిసింది.

నీ ఉత్తరంలో చివరి రెండు వాక్యాలు మీ వదినకు చదవలేదు.

నేను రాసినది నీకు ఎన్నటికీ అందకుండా ఉంటే బాగుండునని రెండు రోజులు ప్రార్థన చేశాను. దారిలో కాలిపోవాలని, నీళ్ళలో పడాలని. మూడో రోజు చర్చికి వెళ్ళి మోకాళ్ళ మీద నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఆ ప్రార్థన మానేశాను. అందాలి. అందకపోతే నువ్వు వచ్చిన రోజు ఎదురుగా చెబుతాను.

కుక్కుటేశ్వరరావు గారికి చెప్పాను. లేచి వెళ్ళి కొట్టు తలుపు దగ్గరికి వేసి వచ్చారు. తరువాత, "కలిపినోడు ఎవడూ పైకి చెప్పడురా. చెప్తే ఊళ్ళో ఏ కొట్టూ ఉండదు. నువ్వు చెప్తావేంట్రా?" అన్నారు. తిట్టారో, మెచ్చుకున్నారో అర్థం కాలేదు. కలిపే పనిలోంచి నన్ను తప్పించమని అడిగాను. ఇప్పుడు తూకం దగ్గర కూర్చుంటున్నాను.

డబ్బాల మీద "చికోరీ" అన్న అక్షరాలు నా చేతిరాత. ఎవరు అడిగినా నా పేరు చెప్పు. నువ్వు నన్ను క్షమించగలవో లేదో రాయి.

ఆరోన్


అర్దియా
1991 మార్చి 27, బుధవారం

అన్నయ్యకు,

నీ నవంబరు రెండు నాటి ఉత్తరం నాకు జనవరి ఆరున అందింది. అమ్మాన్ నుంచి వచ్చిన లారీ డ్రైవరు తెచ్చాడు. ఆ తరువాత నువ్వు రాసినవేవీ చేరలేదు. పదిహేడున బాంబులు మొదలయ్యాయి. ఫిబ్రవరి ఇరవై ఆరున ఇరాక్ సైన్యం వెళ్ళిపోయింది. రాయడానికి దారి లేకపోవడం ఒక్కటే కాదు, ఏం రాయాలో తెలియక కూడా ఇన్నాళ్ళు ఆగాను.

ఉత్తరం చదివిన రోజే ఒక గాజు గ్లాసులో నీళ్ళు పోసి, మిగిలిన డబ్బాలోంచి చెంచాడు పొడి చల్లాను. తేలింది. కొంచెం మాత్రం మునిగి ఎర్రటి చార దిగింది. మిగతాదంతా పైనే నిలిచింది. ఐదు నిమిషాలు చూశాను, పైనే ఉంది. ఈ పరీక్ష మనకు చిన్నప్పుడు నాన్న నేర్పాడు. పిఠాపురంలో ప్రతి ఆడదానికీ తెలుసు. కొట్టుకు గ్లాసు తెచ్చిన ఆవిడ గురించి నువ్వే రాశావు. ఏడాదిన్నరలో నేను ఒక్కసారి కూడా చల్లి చూడలేదు. అన్నయ్య పంపినదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

నాడి నోట్‌బుక్ తీసి, "భయం వల్ల" అని రాసిన చోటల్లా ఆ రోజు ఇచ్చిన కప్పులు లెక్కపెట్టాను. నాడి రాయక ముందు రోజులవీ కలిపితే ఆగస్టు రెండు నుంచి నవంబరు తొమ్మిది దాకా మూడు వందల తొంభై. ఇచ్చింది నా చెయ్యి.

నోట్‌బుక్ డాక్టరు ఖుద్దూస్‌కు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, పెట్టుకుని, మొత్తం చదివారు. "మాత్రలు లేకపోవడం ఒక కారణం. వయసు ఒక కారణం. కాఫీ ఒక కారణం. ఏది ఎంత అని చెప్పగలిగిన డాక్టరు ఎక్కడా లేడు సిస్టర్. కాఫీ వల్లేనని చెప్పేవాడూ అబద్ధమే చెబుతాడు, కాదని చెప్పేవాడూ అబద్ధమే చెబుతాడు" అన్నారు. నీకు ఓదార్పు కోసం రాయడం లేదు. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను.

ఒక విషయం మాత్రం నాకు రూఢిగా తెలుసు. నేను ఆమెను మోసం చేస్తున్నాననుకున్నాను. నువ్వు నన్ను మోసం చేశావు. ఖాలిద్ గారు నన్ను నమ్మారు. ఆమె ఒక్కతే అది కాఫీ అంది. ఈ ఇంట్లో నిజం తెలిసినది ఆమెకే.

మొన్న ఖాలిద్ గారి బంధువొకరు వచ్చి, అమెరికా సైన్యం వాళ్ళ ఫోనులో ఆయనతో మాట్లాడించారు. తల్లి సంగతి ఆయనకు డిసెంబరులోనే తెలిసింది. చాలాసేపు ఏడ్చారు. తరువాత అన్నారు, "కత్రీన్, ఆమె చివరి రోజుల్లో నేను లేను, నువ్వు ఉన్నావు. ఏం తిన్నదో, ఏం తాగిందో, ఏం మాట్లాడిందో అన్నీ చెప్పాలి. నీ నోట్‌బుక్ జాగ్రత్త. నువ్వు నా చెల్లెలివి."

హుస్సేన్ పీరా ఆ మాట విన్నాడు. అతనికి అంతా తెలుసు. రెండు రోజులుగా నాతో తగాదా పడుతున్నాడు.

"ఆ నోటుబుక్కు పొయ్యిలో బెట్టు సిస్టరమ్మా. యుద్ధంలో ఎన్ని కాలిపోలా? అదీ కాలిపోయిందని జెప్పు."

"ఆయన అడిగారు పీరా."

"అడిగినోనికి ఓదార్పు గావాల, లెక్క కాదు. నువ్వు జెప్తే పోయినామె వస్తాదా? నీ పాస్‌పోర్టు ఆయప్ప లాకర్లో ఉండాది. పోలీసులకు అప్పజెప్తే? ఈ పొద్దు ఈడ ఎవురి మాట ఎవురు వింటాండారు?"

"నువ్వు కూడా కాసిని వేరు మంచిదన్నావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కొంచెంసేపటికి, "అయితే ఆయప్పకు నా పేరు గూడ జెప్పు" అన్నాడు.

నన్ను ఈ దేశంలో ఉంచుతారో, పంపేస్తారో, ఇంకేం చేస్తారో తెలియదు. తెలియకుండానే నిర్ణయించుకున్నాను. నీ పేరు చెబుతాను. నువ్వు ఎందుకు కలిపావో చెబుతాను. "వాయువు" అని రాసిన ఉత్తరం, నిజం రాసిన ఉత్తరం, రెండూ చూపిస్తాను. నీళ్ళలో చల్లి చూడని తప్పు నాదని చెబుతాను. నీ మీద నాకున్నది కోపమో, ఇంకేదో నాకే తేలలేదు. నువ్వు క్షమించమని అడిగినా దాని గురించి ఇప్పుడు రాయలేను. ముందు అడగవలసింది నన్ను కాదు.

చమురు బావులు ఇంకా కాలుతున్నాయి. మధ్యాహ్నం రెండు గంటలకు దీపం పెట్టుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. కిటికీ గట్టు మీద వేలు పెడితే నల్లగా అంటుతోంది. హాలు మూడుసార్లు తుడిచాను. పెద్దమామా కుర్చీ ఉన్నచోటే ఉంచాను. బల్ల మీద నాడి నోట్‌బుక్, నీ ఉత్తరాలు, నీ చేతిరాత ఉన్న డబ్బా పెట్టాను. అందులో రెండు చెంచాల పొడి ఉంది. పక్కన గాజు గ్లాసు ఉంది.

ఖాలిద్ గారు ఎల్లుండి శుక్రవారం, ఇరవై తొమ్మిదిన, సౌదీలోని దమ్మామ్ నుంచి కారులో సాయంత్రం నాలుగు గంటలకు వస్తారు. రంజాన్ నెల, ఉపవాసంలో ఉంటారు. ఆకలితో ఉన్న మనిషికి ఇది చెప్పను. ఆరు గంటలకు పొద్దు గూకుతుంది. ఖర్జూరాలు, నీళ్ళు ఇస్తాను. నమాజు చేసుకుని వచ్చి తల్లి కుర్చీకి ఎదురుగా కూర్చుంటారు. అప్పుడు గ్లాసులో నీళ్ళు పోస్తాను.

కేథరిన్